రెండు సరుకుల పట్టీల్లో ఉమ్మడి పేర్లు: "మైదా" రెండు ఫైళ్ళలోనూ ఉంది, పైథాన్‌కి మాత్రం దొరకడం లేదు

పర్లాకిమిడి_కిరాణా

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా మా కొట్టుకి సరుకు ఎక్కువగా పక్కనున్న పాతపట్నం హోల్‌సేల్ నుంచే వస్తుంది, మిగతాది బరంపురం నుంచి దిగుతుంది. నాన్నగారు ఇన్నాళ్ళూ చేత్తో రాసిన సరుకుల పట్టీని నేను ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి సీఎస్‌వీ ఫైలుగా పెట్టుకున్నాను. పాతపట్నం వాళ్ళు వారం వారం ధరల పట్టీని వాట్సాప్‌లో ఎక్సెల్ ఫైలుగా పంపుతారు. రెండింటిలోనూ ఉన్న సరుకులు ఏవో పట్టుకుంటే వాటి ధరలు పక్కపక్కన పెట్టి నాన్నగారికి చూపించవచ్చు. అందుకని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇలా రాశాను (వేదిక నియమం ప్రకారం కోడ్ కూడా తెలుగు లిపిలోనే పెడుతున్నాను):

ఫర్ అ ఇన్ మావి:
    ఫర్ ఆ ఇన్ వాళ్ళవి:
        ఇఫ్ అ == ఆ:
            ప్రింట్(అ)

కందిపప్పు, చింతపండు, బెల్లం వచ్చాయి. కానీ బెల్లం రెండుసార్లు పడింది. మైదా, సన్‌ఫ్లవర్ ఆయిల్, మినపగుళ్ళు అసలు రాలేదు. తెర మీద చూస్తే మైదా రెండు ఫైళ్ళలోనూ అచ్చం ఒకేలా ఉంది. ఎక్కడ తేడా వస్తోందో చెప్పగలరా?

నాగావళి_ఒడ్డు

బాబూ, నేను రాయగడలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నువ్వు అడిగినవి నిజానికి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఉమ్మడివి పట్టడం ఎలా అన్నది ఒకటి, మైదా ఎందుకు రాలేదన్నది ఇంకొకటి. ముందు తేలికది చూద్దాం.

లోపల ఇంకో లూప్ పెడితే ప్రతి పేరునీ అవతలి పట్టీలోని ప్రతి పేరుతోనూ పోల్చాలి. నీ పట్టీలో 2000, వాళ్ళ పట్టీలో 3000 పేర్లుంటే 60 లక్షల పోలికలు. సెట్ వాడితే ఆ బాధ ఉండదు:

ఉమ్మడి = సెట్(మావి) & సెట్(వాళ్ళవి)

సెట్ ప్రతి స్ట్రింగ్‌కీ హాష్ అనే ఒక సంఖ్య లెక్కగట్టి, దాన్నిబట్టి ఆ పేరు ఏ గదిలో ఉండాలో నిర్ణయిస్తుంది. తర్వాత వెతికేటప్పుడు నేరుగా ఆ గదికే వెళ్తుంది. కాబట్టి పని పట్టీల పొడవులు కలిపినంతే పెరుగుతుంది, గుణించినంత కాదు. సెట్‌లో ఒక పేరు ఒక్కసారే ఉంటుంది కనుక బెల్లం రెండుసార్లు పడే సమస్యా పోతుంది.

మధ్యలో ఆంపర్‌సాండ్ (&) పెడితే రెండు వైపులా సెట్లే ఉండాలి. ఇంటర్సెక్షన్ అనే మెథడ్‌కి అయితే లిస్టు ఇచ్చినా చాలు: సెట్(మావి).ఇంటర్సెక్షన్(వాళ్ళవి). బరంపురం పట్టీ కూడా కలపాలంటే అదే బ్రాకెట్లలో కామా పెట్టి మూడోది ఇచ్చెయ్యి.

ఒక జాగ్రత్త. సెట్‌కి లిస్టు బదులు ఒక్క స్ట్రింగ్ ఇస్తే అది పేరుని ముక్కలు చేస్తుంది. సెట్("బెల్లం") అంటే బ, ఎత్వం, ల, పొల్లు, సున్న, ఇలా విడివిడిగా వస్తాయి. మా పిల్లలు అందరికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే.

జయపురం_పెర్ల్

మాస్టారు చెప్పింది నిజం. నేను ఇప్పటికీ పెర్ల్ వాడతాను. అందులో సెట్ అని విడిగా లేదు, హాష్‌తోనే సాధిస్తాం (పెర్ల్‌లో హాష్ అంటే మాస్టారు చెప్పిన సంఖ్య కాదు, తాళం-విలువ జతల పట్టీ). మొదటి పట్టీలోని ప్రతి పేరునీ హాష్‌లో తాళంగా (కీగా) వేసి, రెండో పట్టీ మీద వడపోసే గ్రెప్ నడిపి, హాష్‌లో ఎగ్జిస్ట్స్ అన్నవాటినే ఉంచుకుంటాం. రెండే పంక్తులు. రెండో పట్టీ వరసలోనే ఫలితం వస్తుంది, అదొక లాభం.

గుణుపురం_విద్యార్థి

వరస మాట వచ్చింది కనుక అడుగుతున్నాను మాస్టారూ. నేను సెట్‌తో చేసి ప్రింట్ చేస్తే నడిపిన ప్రతిసారీ పేర్లు వేరే వరసలో పడుతున్నాయి. ఫైలు మారలేదు, కోడ్ మారలేదు. ఇది సహజమేనా?

నాగావళి_ఒడ్డు

సహజమే. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్‌ల హాష్‌లో ప్రోగ్రామ్ మొదలైనప్పుడల్లా ఒక కొత్త యాదృచ్ఛిక విలువ కలుస్తుంది. ఎవరైనా కావాలని ఒకే గదిలో పడే పేర్లు గుట్టగా పంపి సర్వర్‌ని నిలిపేయకుండా పెట్టిన కాపలా అది. అందువల్ల సెట్‌కి వరస ఉంటుందని ఎప్పుడూ నమ్మకూడదు. మన పట్టీ వరస నిలవాలంటే:

వెతుకు = సెట్(వాళ్ళవి)
ఉమ్మడి = [ప ఫర్ ప ఇన్ మావి ఇఫ్ ప ఇన్ వెతుకు]

సెట్‌ని బయట ఒక్కసారే కట్టాలి. బ్రాకెట్ల లోపల ఇఫ్ దగ్గర సెట్(వాళ్ళవి) అని రాస్తే ప్రతి పేరుకీ సెట్ మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటుంది, అప్పుడు మొదటి లూప్ కంటే నెమ్మదిగా నడిచినా ఆశ్చర్యం లేదు. పునరుక్తులు కూడా పోవాలంటే ముందు మావి మీద డిక్ట్.ఫ్రమ్‌కీస్ నడిపి మళ్ళీ లిస్టుగా మార్చు. డిక్ట్ అంటే తాళం-విలువ జతల పట్టీ, 3.7 నుంచి అది చేర్చిన వరసని నిలబెట్టుకుంటుందని భాషే మాట ఇస్తోంది.

ఇంకో సంగతి, అడగకపోయినా చెబుతాను. మావి, వాళ్ళవి, ఉమ్మడి అన్న వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది. మా తరగతిలో పిల్లలకి అలాగే నేర్పిస్తాను, భయం తగ్గుతుంది.

సిరోంచ_గట్టు

అందరికి దండం. మాది మహారాష్ట్రల సిరోంచ, ప్రాణహిత గోదాట్ల కలిసే కాడ. తమ్మీ, ఒక్కసారి చూసుకునేదానికైతె పైథాన్ గూడ అక్కెర్లేదు. లినక్స్ ఉంటె రెండు ఫైళ్ళని సార్ట్ చేసి, కామ్ అనే కమాండుకు మైనస్ 12 పెట్టి ఇయ్యి. మొదటి వరస, రెండో వరస దాచి ఉమ్మడియి మాత్రమే సూపిస్తది. రెండు ఫైళ్ళూ ఒక్క తీరుగ సార్ట్ అయి ఉండాలె, లేకుంటె కొన్ని జారిపోతయి. అందుకే నేను ముంగట ఎల్‌సి_ఆల్=సి అని పెట్టి నడిపిస్త.

సార్ట్ వద్దనుకుంటె గ్రెప్ ఉన్నది: మైనస్ పెద్ద ఎఫ్, మైనస్ ఎక్స్, మైనస్ చిన్న ఎఫ్, మూడు గావాలె. ఎక్స్ మర్చిపోతె పూర్తి లైను చూడది, లోపల ముక్క దొరికినా సరే అంటది. మీ పట్టీల ఉత్త "నూనె" అని ఒక లైను ఉన్నదనుకో, అవతల నూనె అని ఉన్న ప్రతి సరుకు లేసి వస్తది.

విండోస్‌ల తయారైన ఫైలైతె ప్రతి లైను చివర ఒక క్యారేజ్ రిటర్న్ ఉంటది. కండ్లకు కనవడది, కాని కామ్ గానీ గ్రెప్ గానీ దాన్ని అక్షరం లెక్కనే చూస్తయి. ముందుగాల టీఆర్ అనే కమాండుతోని దాన్ని తీసెయ్యి.

పర్లాకిమిడి_కిరాణా

అందరికీ కృతజ్ఞతలు. సెట్‌తో చేశాను, బెల్లం ఒక్కసారే వస్తోంది, వరస కూడా నిలిచింది. కానీ మైదా, సన్‌ఫ్లవర్ ఆయిల్, మినపగుళ్ళు ఇంకా రావడం లేదు. పట్టీలో మొట్టమొదటి సరుకు "అటుకులు" కూడా రాలేదని ఇప్పుడే గమనించాను. పేరుకి అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసే స్ట్రిప్ పెట్టి చూశాను, లాభం లేదు.

నాగావళి_ఒడ్డు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వచ్చాం. కంటితో చూసి ఒకటే అనుకోవద్దు. పేరుని ఆస్కీ అనే ఫంక్షన్‌కి ఇచ్చి ప్రింట్ చెయ్యి, అది ప్రతి అక్షరం వెనకున్న సంఖ్యని బయటపెడుతుంది. లెన్‌తో పొడవు కూడా చూడు. రెండు ఫైళ్ళ నుంచీ తీసిన మైదాకి, ఆయిల్‌కి, అటుకులకి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు.

పర్లాకిమిడి_కిరాణా

మైదా: మాది 4, వాళ్ళది 5. మా దాంట్లో రెండోది 0సి48. వాళ్ళ దాంట్లో ఆ చోట 0సి46, దాని పక్కన 0సి56 ఉన్నాయి.

సన్‌ఫ్లవర్ ఆయిల్: వాళ్ళ పేరు చివర 200సి అని ఒకటి అదనంగా ఉంది.

అటుకులు: వాళ్ళ దాంట్లో మొదటే ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ అని ఉంది.

మినపగుళ్ళు: మాది "ళ్ళు", వాళ్ళది "ళ్లు". ఇది కంటికే కనిపిస్తోంది, ముందు చూసుకోలేదు.

నాగావళి_ఒడ్డు

చక్కగా తీశావు. నాలుగింటికీ నాలుగు కారణాలు.

మైదాలో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణంలో, రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా రాస్తే 0సి48. ఎత్వం 0సి46 పెట్టి దాని కింద ఐత్వపు తోకని 0సి56గా విడిగా తగిలిస్తే రెండు గుర్తులు. రెండూ తెర మీద ఒకే "మై". యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, కానీ పైథాన్‌లో రెండు సమాన గుర్తులు పెట్టి పోల్చినప్పుడు అది సంఖ్యలనే చూస్తుంది, ప్రమాణాన్ని చూడదు. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాల్లో ఐత్వం ఇలా రెండు ముక్కలుగా మిగిలిపోయే అవకాశం ఉంటుంది. తెలుగు గుర్తుల్లో ఈ విడదీత ఉన్నది ఐత్వానికి ఒక్కదానికే. అందుకే కందిపప్పు వచ్చింది, మైదా రాలేదు. నీ పట్టీలో పైనాపిల్ జామ్ లాంటివి ఉంటే అవీ ఇలాగే తప్పిపోయి ఉంటాయి, చూసుకో.

200సి అన్నది జీరో విడ్త్ నాన్ జాయినర్. "సన్‌ఫ్లవర్"లో నకార పొల్లు కింద ఫ వత్తు పడకుండా ఆపేది అదే, అక్కడ దానికి పని ఉంది. "ఆయిల్" చివర వచ్చినప్పుడు పని లేదు, కంటికీ కనపడదు. అది ఖాళీ స్థలం కోవలోకి రాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ ఫైలు మొదట్లో పడే గుర్తు, ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 సీఎస్‌వీగా భద్రపరిస్తే వస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే అది దానంతట అదే పోతుంది.

మిగతా వాటికి ఒక చిన్న ఫంక్షన్:

డెఫ్ గుర్తు(పేరు):
    పేరు = యూనికోడ్‌డేటా.నార్మలైజ్("ఎన్‌ఎఫ్‌సి", పేరు)
    పేరు = పేరు.రిప్లేస్(200సి, ఖాళీ)
    రిటర్న్ " ".జాయిన్(పేరు.స్ప్లిట్())

ఎన్‌ఎఫ్‌సి మైదాని ఒకే రూపానికి తెస్తుంది. అది 200సిని తీయదు, అందుకే రెండో పంక్తి. చివరి పంక్తి మధ్యలో పడిన రెండేసి ఖాళీలనీ, ఎక్సెల్ నుంచి వచ్చే విడవని ఖాళీలనీ ఒక్క ఖాళీగా చేస్తుంది.

ఈ ఫంక్షన్ ఇచ్చే గుర్తుని పోల్చడానికే వాడు. చూపించేటప్పుడు అసలు పేరే చూపించు, 200సి తీసేసిన సన్‌ఫ్లవర్ తెర మీద వత్తు పడి వికారంగా ఉంటుంది. అందుకని రెండు డిక్ట్‌లు కట్టు, తాళం గుర్తు, విలువ అసలు పేరు. రెండు డిక్ట్‌ల కీస్ మధ్య ఆంపర్‌సాండ్ పెట్టవచ్చు, అవి సెట్లలాగే పనిచేస్తాయి.

బరంపురం_అకౌంట్స్

తమ్ముడూ, నేను బరంపురంలో హోల్‌సేల్ లెక్కలే చూస్తాను. మాస్టారి ఫంక్షన్ ఒడియా పట్టీలకీ పనికొస్తుంది, అక్కడ దాని అవసరం ఇంకా ఎక్కువ. ఒడియాలో ఓత్వం, ఔత్వం, ఐత్వం మూడూ విడిపోతాయి. చుక్క పెట్టిన డ కూడా రెండు రకాలుగా టైప్ అవుతుంది, ఒకే అక్షరంగా ఒకటి, డ పెట్టి కింద చుక్క విడిగా పెడితే ఇంకొకటి. ఒడిశా అన్న పేరులోనే ఆ అక్షరం ఉంది, ఒడియా పట్టీలో ఊరి చిరునామాలు పోల్చినా ఇది తగులుతుంది. ఎన్‌ఎఫ్‌సి దాన్ని కలిపేస్తుందని అనుకుంటాం గానీ, ఆ అక్షరాన్ని అది రెండు ముక్కలుగానే ఉంచుతుంది. ఫరవాలేదు, రెండు పట్టీలూ ఒకే రూపానికి వస్తే మనకి చాలు.

గుణుపురం_విద్యార్థి

అక్కా, పేర్లతో ఇంత అవస్థ ఎందుకు? బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఉంటుంది కదా. రెండు పట్టీల్లోనూ ఆ కోడ్‌తో పోలిస్తే సరిపోదా?

బరంపురం_అకౌంట్స్

సరిపోదు. ఆ కోడ్ పన్ను కోసం చేసిన వర్గం, సరుకు పేరు కాదు. కంది, మినప, పెసర, శనగ అన్నీ 0713 కిందికే వస్తాయి. మైదా, గోధుమపిండి రెండూ 1101. వాటితో పోలిస్తే మైదా ధర పక్కన గోధుమపిండి ధర పడుతుంది. ఆ పట్టీ చూసి మీ నాన్నగారు ఆర్డర్ ఇస్తే నష్టం మీదే. పైగా ఎక్సెల్‌లో తెరిస్తే 0713 ముందున్న సున్నా ఎగిరిపోయి 713 అవుతుంది. ఒక పట్టీలో స్ట్రింగ్‌గా "0713", ఇంకో దాంట్లో 713 ఉంటే అవీ కలవవు. కోడ్‌ని ఎప్పుడూ స్ట్రింగ్‌గానే చదవాలి.

ప్యాకెట్ సరుకుకి బార్‌కోడ్ ఉంటే అది మంచి తాళం. మన దేశంలో నమోదైనవి 890తో మొదలవుతాయి, 13 అంకెలు, ప్యాకెట్ పరిమాణం మారితే కోడ్ కూడా మారుతుంది. కానీ మన కొట్లలో బస్తాల్లోంచి తూచి అమ్మే సరుకే ఎక్కువ. పప్పుకీ బెల్లానికీ బార్‌కోడ్ ఎక్కడిది? అక్కడ పేరే గతి.

గుణుపురం_విద్యార్థి

అయితే "ళ్ళు", "ళ్లు" తేడాకి పైథాన్‌లో పోలిక లెక్కగట్టే డిఫ్‌లిబ్ వాడమంటాను. గెట్_క్లోజ్_మ్యాచెస్ అని ఉంది, 0.6 కంటే ఎక్కువ పోలిక ఉన్నవాటిని దానంతట అదే తెచ్చిస్తుంది. మినపగుళ్ళు, మినపగుళ్లు మధ్య 0.9 వచ్చింది. అన్నీ అలా కలిపేస్తే అయిపోతుంది కదా?

నాగావళి_ఒడ్డు

వద్దు బాబూ. అదే సాధనానికి "మినపప్పు", "శనగపప్పు" ఇచ్చి చూడు.

గుణుపురం_విద్యార్థి

0.75 వచ్చింది మాస్టారూ. రెండూ వేరే సరుకులు.

నాగావళి_ఒడ్డు

ఇప్పుడు "పల్లీలు", "వేరుశెనగ గుళ్ళు" ఇవ్వు. కొట్టులో ఒకే డబ్బాలో ఉండే సరుకు, పోలిక 0.2 కూడా రాదు. ఈ సాధనం అక్షరాలు ఎంత కలిశాయో లెక్కగడుతుంది, డబ్బాలో ఏముందో దానికి తెలియదు. మన సరుకుల పేర్లు చాలావాటికి చివర పప్పు, పిండి, నూనె అని ఉంటాయి. ఆ తోక కలిసిందంటేనే పోలిక పెరిగిపోతుంది.

సిరోంచ_గట్టు

మాస్టారు జెప్పింది మా దిక్కు ఇంక గట్టిగ తగుల్తది. మేము ఉల్లిపాయను ఉల్లిగడ్డ అంటం, వెల్లుల్లిని ఎల్లిగడ్డ అంటం. మొదటి అక్షరమొక్కటే తేడా. ఇప్పుడే నడిపి చూసిన, 0.89 వచ్చింది. మినపగుళ్ళకు 0.9, ఉల్లికి ఎల్లికి 0.89! ఎక్కడ గీత గీస్తవు తమ్మీ? 0.9 దగ్గర గీస్తె శనగపప్పు, సెనగపప్పు జారిపోతయి, వాటికి 0.82నే వస్తది. కిందికి గీస్తె ఉల్లిగడ్డ రేటుకు ఎల్లిగడ్డ పోతది.

బరంపురం_అకౌంట్స్

మా ఆఫీసులో చేసేది చెబుతాను. మొదట మాస్టారి గుర్తుతో అచ్చంగా కలిసినవన్నీ పక్కన పెట్టేస్తాం. కలవని వాటికి మాత్రమే డిఫ్‌లిబ్ నడిపి, ఒక్కోదానికి దగ్గరి పేర్లు మూడు చూపిస్తాం. ఏది నిజమో సరుకు తెలిసిన మనిషి చెబుతాడు. ఒప్పుకున్న జతని ఒక ఫైల్లో రాసేస్తాం, ఎడమన మారుపేరు, కుడిన మన పేరు. పల్లీలు, వేరుశెనగ గుళ్ళు లాంటివి సాధనం చూపించదు, అవి మనమే చేత్తో చేరుస్తాం. గుర్తు ఫంక్షన్ చివర ఆ ఫైల్లో వెతికే పంక్తి ఒకటి చేరిస్తే చాలు, ఒకసారి ఒప్పుకున్న జత మళ్ళీ అడగదు.

మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చెయ్యి తమ్ముడూ. ఏ పేరు ఏ సరుకో ఆయనకి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పింది రాసిపెడితే అది మీ కొట్టుకి నిలిచిపోయే ఆస్తి.

పర్లాకిమిడి_కిరాణా

అక్కా, మాస్టారూ, నిన్న రాత్రి కొట్టు కట్టేశాక నాన్నగారితో కూర్చుని చేశాను. మైదా, ఆయిల్, అటుకులు గుర్తుతోనే కలిసిపోయాయి. మారుపేర్ల ఫైలు మొదలైంది. నాన్నగారు ఒక మాట అడిగారు. వాళ్ళ పట్టీలో మైదా 1 కిలో ప్యాకెట్, 50 కిలోల బస్తా రెండూ ఉన్నాయి, మా దాంట్లో బస్తా ఒక్కటే. పేరు కలిస్తే చాలనుకుంటే ప్యాకెట్ ధర పక్కన బస్తా ధర పడుతోంది. దీనికేం చెయ్యాలి?

నాగావళి_ఒడ్డు

మంచి ప్రశ్న, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. పేరొక్కటే తాళం కాకుండా పేరు, తూకం రెండూ కలిపి జతగా పెట్టు: (గుర్తు(పేరు), తూకం). గుండ్రటి బ్రాకెట్లలో పెడితే అది టపుల్, సెట్‌లో వెళ్తుంది, డిక్ట్‌కి తాళమూ అవుతుంది. చదరపు బ్రాకెట్లు పెడితే లిస్టు అవుతుంది, మార్చగలిగేదాన్ని హాష్ చేయలేనని పైథాన్ ఆపేస్తుంది. తూకాన్ని గ్రాముల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా పెట్టుకో. వాళ్ళు "1 కేజీ" అని ఒకచోట, "1000 గ్రా." అని ఇంకోచోట రాసి ఉంటే స్ట్రింగ్‌లుగా అవి ఎప్పటికీ కలవవు. ఎవరైనా తెలుగు అంకెల్లో "౫౦" అని రాసినా భయం లేదు, ఇంట్ ఫంక్షన్ దాన్ని 50గానే చదువుతుంది.

సిరోంచ_గట్టు

తమ్మీ, మారుపేర్ల ఫైలు పెడుతున్నవు గద, మా దిక్కువి గూడ కొన్ని ఇస్త, నీకు అవుసరం వడకున్నా ఇంకెవరికన్న పనికొస్తయి. ఉల్లిగడ్డ, ఉల్లిపాయ. ఎల్లిగడ్డ, వెల్లుల్లి. ఆలుగడ్డ, బంగాళాదుంప. చెక్కర, పంచదార. పల్లికాయ, వేరుశెనగ కాయ. ఒక్కొక్క జత ఒక్కొక్క లైను, మధ్యల కామా.

పర్లాకిమిడి_కిరాణా

చేర్చేశాను అన్నా. "చెక్కర" చూసి నాన్నగారు వెంటనే ఇంకోటి చెప్పారు. మా దగ్గర కొందరు పంచదారని చక్కెర అనీ రాస్తారు, కాబట్టి చెక్కర, చక్కెర రెండూ పంచదారకే పోయేలా పెట్టాను. తూకం జతతో నడిపితే మైదా బస్తా పక్కన బస్తా ధరే పడింది. ఫైలుని యూటీఎఫ్-8లో ఇక్కడే జతచేస్తున్నాను. బరంపురం, రాయగడ, గుణుపురం వాళ్ళు మీ కొట్లలో వాడే పేర్లు కింద చేర్చి పంపండి.